తెరమీది పందెము

పందెమనినచో మానవునకు సహజముగనే ఉత్సాహము కలుగును. పరుగెత్తువాడు తోడివానికంటె ముందు గమ్యము చేరగోరును. పడవ నడుపువాడు తోటి పడవకంటె ముందు ఒడ్డు చేరగోరును. మోటారుకారు పుట్టిన కొలదికాలములోనే కారుపందెములును పుట్టినవి. 1894వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందు పారిస్ నగరమునుండి రువాన్ నగరమువరకు జరిగిన పోటీ, కార్ల పోటీలలో మొదటిదిగా పేర్కొనబడుచున్నది. నాటినుండి నేటివరకు ఈ క్రీడ అనేక రూపములు దాల్చినది. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదునందు హుస్సేన్‌సాగరు తీరమున ‘ఫార్ములా ఈ’ అను పేర విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము జరిగినప్పుడు తెలుగువారు దానిని కన్నులార చూచిరి.

చూచువారు వేలకొలదిగ నున్నను ఇట్టి పందెములలో పాల్గొనువారు కొలదిమందియే. పందెపు కారు వెల మిక్కిలి యెక్కువ. దానిని నడుపుటకు ప్రత్యేకమైన బాట కావలెను. మరమ్మతు చేయుటకు నిపుణులు కావలెను. టైర్లకును ఇంధనమునకును నిత్యము వ్యయము చేయుచుండవలెను. వీని యన్నిటిని మించి ప్రాణాపాయము కలదు. కావున ఈ క్రీడయం దాసక్తిగల పెక్కుమంది ప్రేక్షకులుగనే మిగిలిపోవుచుండిరి. వారి కోరిక తీరుటకు కంప్యూటరును ఇంటర్నెట్టును ఒక క్రొత్త మార్గము చూపినవి. అదియే తెరమీది కారుపందెము.

ఈ పందెమునకు చోదకులు ఒకచోట చేరనక్కరలేదు. ఒకే కళాశాలలో చదువుకొని, పిమ్మట ఉద్యోగములకై ఒకరు హైదరాబాదులోను, ఒకరు లండనులోను, ఒకరు న్యూయార్కులోను నివసించు మిత్రులను ఊహింపుడు. శీతకాలమున హైదరాబాదులో రాత్రి ఎనిమిదిన్నర గంటలైనప్పుడు లండనులో మధ్యాహ్నము మూడు గంటలును, న్యూయార్కులో ఉదయము పది గంటలును అగును. ముగ్గురును ఆ సమయమునకు తమ తమ గదులలో కూర్చుందురు. ఎదుట తెర యుండును. బల్లకు బిగించిన స్టీరింగు చక్రము చేతుల కందును. కాళ్లకడ బ్రేకు, యాక్సిలరేటరు పెడళ్లుండును. మిత్రుల మాటలు చెవులకు వినబడుచుండును. తెరమీద ఇటలీ దేశపు మోంజా పందెపు బాట కనబడును. ఎఱ్ఱదీపములు ఆరినంతనే కార్లన్నియు ఒక్కసారిగా ముందునకు దూకును. వేల మైళ్ల యెడమున నున్న మిత్రులు అరగంటసేపు ప్రక్కప్రక్కనే ప్రయాణము చేయుదురు. వారమునకొకసారియో, పదునైదు దినములకొకసారియో ఇట్లు కలిసికొని, కొన్ని నెలలపాటు వరుసగా జరుపుకొను పోటీల సముదాయమునకు ‘లీగు’ అని పేరు.

ఈ క్రీడ ఒక్కనాట రూపొందినది కాదు. 1989లో అమెరికా దేశమునందలి పాపిరస్ అను సంస్థ, ఇండియానాపొలిస్ నగరమున ఏటేట జరుగు 500 మైళ్ల పందెమును అనుకరించు ఒక ఆటను వెలువరించెను. అంతకుముందు వచ్చిన పెక్కు ఆటలలో కారు బొమ్మవలె అటునిటు జరుగుచుండెడిది. ఈ ఆటలోనన్ననో కారు బరువును, వేగమును, టైర్ల పట్టును లెక్కకట్టి, నిజమైన కారు ఎట్లు ప్రవర్తించునో తెరమీది కారును అట్లే నడిపింప యత్నించిరి. ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన డేవిడ్ కేమర్, జాన్ హెన్రీ అను వ్యాపారవేత్తతో కలిసి 2004లో ‘ఐరేసింగ్’ అను మరియొక సంస్థను నెలకొల్పెను. వారి ఆట 2008లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. జపానునందు కజునొరి యమౌచి నాయకత్వమున తయారైన ‘గ్రాన్ టురిస్మో’ 1997లోను, ఇటలీయందు కూనోస్ సంస్థ రూపొందించిన ‘అసెట్టో కోర్సా’ 2014లోను వెలువడి ప్రపంచమంతట పేరొందినవి.

నిజమైన బాటను తెరమీదికి తెచ్చు విధానము తెలిసికొనదగినది. లేజరు కిరణములను వెదజల్లు యంత్రము నొకదానిని పందెపు బాట పొడవునను నడిపింతురు. కిరణము నేలను తాకి వెనుకకు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి ఆ చోటు ఎంత దూరమున నున్నదో యంత్రము లెక్కించును. ఇట్లు కోట్లకొలది బిందువులను కొలిచి, వాని యాధారమున కంప్యూటరులో బాటను నిర్మింతురు. బాటయందలి చిన్న గుంటయు, అంచునందలి మిట్టయు గూడ అందు తప్పిపోవు. అందుచేత ఒక బాటను తెరమీద చక్కగా అభ్యసించినవాడు తరువాత నిజముగా అచ్చటికి పోయినప్పుడు, ఏ మలుపు ఎటు తిరుగునో, ఎచ్చట బ్రేకు త్రొక్కవలెనో ముందుగనే ఎరిగియుండును.

బాట సిద్ధమైన పిమ్మట కారునకు ప్రాణము పోయవలెను. ఇచ్చట భౌతికశాస్త్రము తోడ్పడును. వేగముగా పోవుచున్న బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు లోపలివారు ముందునకు తూలుట అందరును ఎరిగినదే. కారునకు బ్రేకు వేసినప్పుడును దాని భారము ముందు చక్రములపైకి ఒరగును. వెనుక చక్రముల పట్టు తగ్గును. అప్పుడు స్టీరింగును మోటుగా త్రిప్పినచో కారు గిఱ్ఱున తిరిగిపోవును. టైరు పట్టునకు ఒక హద్దు కలదు. నూరు రూపాయలు మాత్రమే గలవాడు తొంబది బియ్యమునకు వెచ్చించినచో కూరలకు పదియే మిగులును గదా! అట్లే టైరు పట్టునంతయు బ్రేకునకు వెచ్చించినవానికి మలుపు తిరుగుటకు పట్టు మిగులదు. కావున నేర్పరియైన చోదకుడు మలుపునకు ముందే వేగము తగ్గించి, క్రమక్రమముగా బ్రేకును వదలుచు మలుపులో ప్రవేశించును. ఈ లెక్కలన్నిటిని కంప్యూటరు సెకనునకు కొన్ని వందల మారులు చేయుచుండును. ఆ ఫలితముల ననుసరించి స్టీరింగు చక్రములోని మోటారు చోదకుని చేతులను లాగును, అదురును, తేలికపడును. చేతులకు తెలియు ఆ మార్పునుబట్టియే నేర్పరి తన కారు పట్టు తప్పబోవుచున్నదని గ్రహించును.

దూరదేశములలోని కార్లు ఒకే బాటపై కనబడుట ఇంతకంటె ఆశ్చర్యకరము. ప్రతి చోదకుని కంప్యూటరు తన కారు ఎచ్చట నున్నదో, ఎంత వేగమున ఎటు పోవుచున్నదో ‘సర్వరు’ అను మధ్యస్థపు కంప్యూటరునకు ఎడతెగక తెలుపుచుండును. సర్వరు ఆ వార్తను తక్కినవారికి పంపును. వార్తలు సన్నని గాజు తీగలలో కాంతి రూపమున సముద్రముల అడుగున ప్రయాణము చేయును. గాజులో కాంతి వేగము సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అయినను హైదరాబాదునుండి లండనునకు తిన్నగా పోయినను దాదాపు 7,700 కిలోమీటర్లుండుటచే, వార్త చేరుటకు సెకనులో నూటికి నాలుగు వంతులైనను పట్టును. తీగలు చుట్టుదారిన పోవుటచేతను, నడుమ అనేక యంత్రములను దాటవలసియుండుటచేతను ఆలస్యము ఇంకను పెరుగును.

ఆ యాలస్యము సెకనులో పదియవ వంతు అనుకొనుడు. గంటకు 180 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనునకు 50 మీటర్లు పోవును. సెకనులో పదియవ వంతున 5 మీటర్లు పోవును. అది ఇంచుమించు ఒక కారు పొడవు! అనగా తెరమీద కనబడు మిత్రుని కారు, వాస్తవముగా అది యున్న చోటికంటె ఒక కారు పొడవు వెనుకబడి కనబడవలసియున్నది. ఈ లోపమును సవరించుటకు కంప్యూటరు, ఆ కారు గతిని బట్టి ఈ క్షణమున ఎచ్చట నుండునో ఊహించి అచ్చట చూపును. ఊహ సాధారణముగా సరిపోవును. కాని మిత్రుడు హఠాత్తుగా బ్రేకు వేసినచో ఊహ తప్పును. రెండు కార్లు తాకకయే తాకినట్లు కనబడును. అందుచేత బుద్ధిమంతులైన చోదకులు దూరదేశపు మిత్రుని కారునకు ప్రక్కన కొంత చోటు అధికముగా విడుతురు.

లీగును నడుపుట ఒక చిన్న సంఘమును నడుపుటవంటిది. ముందుగా ఏయే వారములలో ఏయే బాటలపై పందెము జరుగునో పట్టిక వేయుదురు. అందరును ఒకే విధమైన కారు నెన్నుకొందురు. అప్పుడు ధనము చేతగాని యంత్రబలము చేతగాని గాక నేర్పుచేతనే జయము లభించును. పందెమునకు ముందు కొంతకాలము అభ్యాసమునకును, కొంతకాలము స్థాననిర్ణయమునకును కేటాయింతురు. ఒక చుట్టు తక్కువ కాలమున పూర్తిచేసినవాడు ముందు వరుసలో నిలుచును. పిమ్మట అసలు పందెము జరుగును.

పెక్కు లీగులవారు ఫార్ములా వన్ పందెములలో 2010 నుండి వాడుకలో నున్న పద్ధతి ననుసరింతురు. మొదటి పదిమందికి వరుసగా 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 పాయింట్లు లభించును. ఈ పద్ధతియందొక నీతి కలదు. మూడు పందెములలో ఒకదానిని గెలిచి, తక్కిన రెండింట తొందరపాటున కారు పగులగొట్టుకొన్నవానికి 25 పాయింట్లే వచ్చును. మూడింటను మూడవ స్థానమున నిలిచినవానికి 45 వచ్చును. ఒక్కనాటి మెరుపుకంటె నిలకడ మేలని పట్టికయే చెప్పుచున్నది. కొందరు మిత్రులు, ఎప్పుడును గెలుచువాని కారునకు తరువాతి పందెమున కొంత బరువు చేర్చి తక్కినవారికి అవకాశము కల్పింతురు. మరికొందరు రెండవ పందెమును తలక్రిందు వరుసలో ప్రారంభింతురు; అప్పుడు వెనుకబడినవాడు ముందు నిలిచి, గెలిచినవాడు చివర నిలుచును.

లీగులలో వివాదములు పుట్టుట సహజము. అందుకొరకు ఇద్దరు ముగ్గురు తీర్పరులను నియమింతురు. పందెమంతయు కంప్యూటరులో భద్రమై యుండును గావున వారు ఆ ఘట్టమును మరల మరల, ముందునుండియు వెనుకనుండియు, పైనుండియు చూచి నిర్ణయింతురు. తన వివాదమున తానే తీర్పరిగా నుండుట ఎవ్వరికిని తగదు. తప్పు రుజువైనచో ఆ చోదకుని కాలమునకు కొన్ని సెకనులు కలుపుదురు. లేదా తరువాతి పందెమున చివర నిలుపుదురు.

ఐరేసింగ్ నందు మరియొక పద్ధతి కలదు. అందు కంప్యూటరే దోషములను లెక్కించును. బాట వదలిపోయినచో 1, కారు అదుపు తప్పినచో 2, మరియొక కారును గట్టిగా ఢీకొన్నచో 4 చొప్పున దోషాంకములు చేరును. ఢీకొన్న ఇద్దరిలో తప్పు ఎవరిదని విచారింపక ఇరువురకును అంకములు వేయుదురు. ఇది మొదట అన్యాయముగా తోచవచ్చును. కాని యంత్రము మనసులోని ఉద్దేశము నెరుగజాలదు. ఇతరుల పొరపాటునుండి గూడ తన్ను తాను కాచుకొనుట మంచి చోదకుని లక్షణమని ఈ నియమము బోధించుచున్నది. దోషములు తక్కువగానున్నవారికే పై తరగతి పందెములలో ప్రవేశము లభించును.

ఇన్ని నియమములు ఏల కావలసివచ్చినవి? నిజమైన బాటపై చోదకుని భయము అదుపులో నుంచును. తోటి కారును ఢీకొనిన తన కారును విరుగును, ప్రాణమునకును ముప్పు కలుగును. తెరమీద ఆ భయము లేదు. విరిగిన కారు మీట నొక్కినంతనే క్రొత్తదగును. బ్రేకు వేయక మలుపులోనికి దూసికొనిపోయి, మిత్రుని కారును గోడవలె ఆసరాచేసికొని తిరిగినవానికి దెబ్బ తగులదు. పైగా ఒక స్థానము లాభించును. మొదటి మలుపులో అందరును ఇట్లే చేసినచో పందెము అచ్చటనే ముగియును. దినమంతయు పనిచేసి అలసివచ్చి, వారమంతయు అభ్యసించి, ఈ అరగంట కొరకు వేచియున్న మిత్రుని ఆనందము ఒకని యాత్రముచే నశించును. అతడు తరువాతి వారము రాడు. ఆ పిమ్మట మరియొకడు రాడు. కొలదికాలమునకు లీగే మాసిపోవును. దానితోపాటు దూరమున నున్న మిత్రులను కలిపియుంచిన సూత్రమును తెగిపోవును. భయము లేనిచోట మర్యాదయే కావలి.

ఆ మర్యాదకు కొన్ని ఆచారములు ఏర్పడినవి. ఒక కారు ప్రక్కకు వచ్చినప్పుడు దానికి ఒక కారు పట్టునంత చోటు విడువవలెను. ఒక చుట్టు వెనుకబడినవాడు ముందున్నవారికి అడ్డుపడరాదు. పొరపాటున మిత్రుని బాట తప్పించినచో, తీర్పరులు చెప్పకమునుపే వేగము తగ్గించి, అతడు మరల బాటకెక్కి తన్ను దాటిపోవువరకు వేచియుండవలెను. ఈ చివరి ఆచారమును పాటించువాడు కొన్ని స్థానములు కోల్పోవచ్చును. కాని మిత్రుల విశ్వాసమును కోల్పోడు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రపంచమును స్తంభింపజేసినప్పుడు ఈ క్రీడ ప్రాముఖ్యము అందరికిని తెలిసినది. పందెపు బాటలు మూతపడగా, పేరొందిన చోదకులు ఇండ్లనుండియే పోటీపడిరి. మార్చి 22వ తేదీన అమెరికాలోని నాస్కార్ చోదకులు తెరమీద జరిపిన పందెము టెలివిజనునందు ప్రసారమయ్యెను. జూన్ 13, 14 తేదీలలో ఫ్రాన్సు దేశపు లె మాన్ బాటకు ప్రతిరూపముపై 24 గంటల పందెము జరిగెను. కారునకు నలుగురు చొప్పున 50 కార్లలో 200 మంది చోదకులు అందు పాల్గొనిరి. నిజమైన చోదకులును, తెరమీద మాత్రమే పేరొందిన చోదకులును ఒకే జట్టులో వంతులవారీగా కారు నడిపిరి.

ఆ సంవత్సరమే రెండు విచారకరమైన సంఘటనలును జరిగినవి. ఏప్రిల్ నెలలో ఒక అమెరికా చోదకుడు తన కారు ఢీకొనబడినందుకు కోపించి, పందెము నడుమనే లేచిపోయెను. లక్షలమంది చూచుచుండగా జరిగిన ఆ చర్యకు అతనికి ధనసహాయము చేయుచున్న సంస్థ అతనిని విడనాడెను. మే నెలలో ఫార్ములా ఈ చోదకులు బాలల సహాయనిధికై తెరమీద పందెములు జరుపుచుండగా, ఒక జర్మను చోదకుడు తన బదులు తెరమీది ఆటలో నేర్పరియైన మరియొకని కూర్చుండబెట్టెను. ఆ కారు మూడవ స్థానమున నిలిచెను. తోటివారు సంశయించిరి, నిర్వాహకులు విచారింపగా నిజము బయటపడెను. అతనిని పోటీనుండి తొలగించి, 10,000 యూరోలు ధర్మకార్యమునకు చెల్లింపవలసినదిగా విధించిరి. అతడు బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. అయినను అతని జట్టు అతనితో సంబంధము తెంచుకొనెను. తెరమీది ఆటయే గదా అని అతడు తలచెను. కాని దాని ఫలితమును నిజజీవితమున అనుభవింపవలసివచ్చెను.

తెరమీది నేర్పు నిజమైన బాటపై అక్కరకు వచ్చిన ఉదాహరణములును కలవు. 2008లో నిస్సాన్ కార్ల సంస్థ గ్రాన్ టురిస్మో ఆటలో నేర్పరులను ఎన్నుకొని వారికి నిజమైన శిక్షణ నొసగుటకు ఒక పోటీ పెట్టెను. అందు గెలిచిన లూకాస్ ఓర్డోనెజ్ అను స్పెయిన్ దేశపు విద్యార్థి, 2011లో లె మాన్ పందెమున తన తరగతియందు రెండవ స్థానము పొందిన జట్టులో నుండెను. బాల్యమున ఐరేసింగ్ నందు కారు నడుపుట నేర్చిన విలియం బైరన్, అమెరికాలో ప్రసిద్ధమైన డేటోనా 500 పందెమును 2024లోను, 2025లోను గెలిచెను. వీరు తెరముందు కూర్చున్నంతనే జయము పొందలేదు. తెరమీద చూపునకును, నిర్ణయమునకును శిక్షణ లభించును. దేహబలమును, వేడిమికి ఓర్చుటయు, నిజమైన వేగమున కలుగు భయమును జయించుటయు బాటపైననే అలవడవలెను.

ఈ క్రీడయం దాసక్తిగల బాలురును బాలికలును మరువరాని విషయమొకటి కలదు. తెరమీది బాటపై ఎదురు వచ్చు బండి లేదు. దారి దాటు ముసలివారు లేరు. పాఠశాలకు పోవు పసివారు లేరు. వీథిలోనన్ననో వీరందరు నుందురు. అచ్చట విరిగినదానిని మీట నొక్కి బాగుచేయుట సాధ్యము గాదు. మన దేశమున పదునెనిమిది సంవత్సరములు నిండినవారే లైసెన్సు పొంది కారు నడుపవలెనను చట్టము అందుకొరకే ఏర్పడినది. ఆటకును ఒక కాలపరిమితి యుండవలెను. లీగులో పందెమునకు వేళ నిర్ణయించుకొనినట్లే చదువునకును, నిద్రకును, ఆరుబయట ఆటలకును వేళ నిర్ణయించుకొనిననే ఆట ఆటగా నిలుచును.

తెరమీది కారు కేవలము ఒక ఛాయ. బాటయు ఛాయయే, విరిగిన అద్దములును, లేచిన ధూళియు ఛాయలే. కాని కారు నడుపు మనుష్యులు నిజము. ఎవ్వరును చూడనప్పుడు నియమము పాటించుట, తప్పు చేసినప్పుడు ఒప్పుకొని వేచియుండుట, ఓడినప్పుడు గెలిచినవానిని మనసార అభినందించుట అనునవియు నిజము. పందెము ముగిసి తెర ఆరిన పిమ్మట గెలుపోటములు పట్టికలో మిగులును. చోదకుని నడవడి మిత్రుల మనసులలో మిగులును.